పెద్దమనిషి లేని జంట సర్వర్లు

విజయవాడ సూర్యారావుపేటలో నేను కంప్యూటర్లు చూసుకునే ఒక మందుల ఏజెన్సీ ఉంది. పద్దెనిమిది కంప్యూటర్లు, ఒక సర్వర్. 2019 జూన్‌లో ఒక సోమవారం ఉదయం పదీ నలభైకి ఆ సర్వర్ ఆగిపోయింది.

మందుల హోల్‌సేల్‌లో సోమవారం పొద్దున అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు. ఆదివారం అమ్మకాలకి ఖాళీ అయిన షాపులన్నీ పొద్దున్నే ఆర్డర్లు పెడతాయి. గుడివాడ, నూజివీడు, తిరువూరు లైన్ల ఆటోలు మధ్యాహ్నం రెండు లోపు బయల్దేరాలి. పోనీ చేత్తో బిల్లు రాద్దామా అంటే ప్రతి మందుకీ బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాయాలి. ఏ అరలో ఏ బ్యాచ్ ఉందో కంప్యూటర్‌కి తెలుసు గానీ గోడౌన్ కుర్రాళ్ళకి నోటికి రాదు. దానికి తోడు 2018 ఏప్రిల్ 15 నుంచి రాష్ట్రం లోపల తిరిగే సరుకుకీ ఈ-వే బిల్లు వచ్చింది. యాభై వేలు దాటిన సరుకు అది లేకుండా గుమ్మం దాటకూడదు.

పోయింది మదర్‌బోర్డు. డిస్కులు నిక్షేపంగా ఉన్నాయి. ఒక డిస్కు పోయినా డేటా నిలిపే రెయిడ్ ఉంది, యూపీఎస్ ఉంది, రాత్రి తీసిన బ్యాకప్ ఉంది. డేటా ఒక్క అక్షరం కూడా పోలేదు. దాన్ని తెరిచే పెట్టె మాత్రం లేదు. కొత్త బోర్డు రావడానికి మూడు రోజులు పడుతుందన్నారు. ఇంకో చోట నుంచి అరువు తెచ్చిన సర్వర్లో బ్యాకప్ ఎక్కించి మళ్ళీ బిల్లింగ్ లేపేసరికి మంగళవారం రాత్రి తొమ్మిదైంది.

ఓనరు గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "డబ్బు సంగతి వదిలెయ్ బాబూ. గుడివాడ షాపతను ఇన్సులిన్ కోసం మనకి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఐదోసారి వేరే ఏజెన్సీకి చేశాడు. ఇంక అతనికి ముందు గుర్తొచ్చేది వాళ్ళ నంబరే" అన్నారు. తిట్టి ఉంటే అంత బాధపడేవాణ్ణి కాదేమో.

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో చిన్న వ్యాపారాల నెట్‌వర్కులు చూసుకోవడం నా వృత్తి. ఇన్నేళ్ళుగా నేను ఒక మాట మీద నిలబడి ఉన్నాను. సర్వర్ ఆగితే వ్యాపారం ఆగిపోయే చోట, ఖరీదైన సర్వర్ ఒకటి కొనడం కంటే మామూలువి రెండు కొని క్లస్టర్ కట్టుకోవడం మేలు. ఈ మాటకి రెండో సగం కూడా ఉంది. ఆ రెండింటికీ మధ్య తీర్పు చెప్పే మూడోది పెట్టలేకపోతే, అసలు క్లస్టర్ జోలికి పోకపోవడమే మంచిది. మొదటి సగం సూర్యారావుపేటలో అర్థమైంది. రెండో సగం అంతకు రెండేళ్ళ ముందే గుంటూరులో నా తప్పు వల్ల నేర్చుకున్నాను.

ముందు క్లస్టర్ అంటే ఏమిటో చెబుతాను. రెండు మూడు కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉంటాయి. నెట్‌వర్క్ మీద ఆగకుండా "నేనున్నాను, నేనున్నాను" అని చెప్పుకుంటూ ఉంటాయి. ఈ పలకరింపుకి హార్ట్‌బీట్ అని పేరు. ఒకదాని పలకరింపు ఆగిపోతే రెండోది అది చేస్తున్న పనిని తన నెత్తిన వేసుకుంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, దాని డేటాబేస్ ఒక వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్‌లో, ఉంటాయి కాబట్టి ఆ మెషీన్‌ని రెండో పెట్టె మీద మళ్ళీ ఆన్ చేస్తే చాలు. కౌంటర్ మీద ఉన్న కంప్యూటర్లకి సర్వర్ అడ్రసు మారదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1983లోనే వ్యాక్స్‌క్లస్టర్ తెచ్చింది. మైక్రోసాఫ్ట్ 1997లో విండోస్ ఎన్‌టీ 4.0 ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో ఇచ్చింది. ఆ రోజుల్లో అది బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీల సొత్తు. రెండు సర్వర్లూ తాకగలిగే ఉమ్మడి డిస్కుల పెట్టె ఒకటి కొనాల్సి వచ్చేది, దాని ధర సర్వర్లని మించిపోయేది. తర్వాత రెండు సర్వర్లలో ఉన్న మామూలు డిస్కుల్నే నెట్‌వర్క్ మీద అద్దం పట్టినట్టు ఒకలా ఉంచే డీఆర్‌బీడీ వచ్చింది. 2010 ఫిబ్రవరిలో విడుదలైన లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 2.6.33 నుంచి అది కెర్నెల్‌లోనే భాగం. వర్చువల్ మెషీన్లనీ, క్లస్టర్లనీ నడిపే ప్రాక్స్‌మాక్స్ అనే వియన్నా సాఫ్ట్‌వేర్ 2008 నుంచీ ఉంది, ఉచితంగా వాడుకోవచ్చు. అలాంటి సాఫ్ట్‌వేరే అమ్మే వీఎంవేర్‌ని బ్రాడ్‌కామ్ కంపెనీ 2023 నవంబర్‌లో కొని, ఒకసారి కొంటే శాశ్వతంగా ఉండే లైసెన్సులు ఆపేసి, చందా పద్ధతికి మార్చిన తర్వాత చాలామంది చిన్నవాళ్ళు ఇటు తిరిగారు. అంటే ఈ రోజు చిన్న వ్యాపారానికి క్లస్టర్ ఖర్చు ప్రధానంగా రెండో పెట్టె ఖర్చే. అందుకే "అవన్నీ బ్యాంకులకండీ, మనకెందుకు" అనే మాట ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇక గుంటూరు సంగతి.

2017 మార్చి. మిర్చి సీజన్. ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ. గేటు బయట లారీలు, ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉంటాయి. కాటా వేసి, టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టి, ఏ ఛాంబర్లో ఏ అరలో పెట్టారో రాసుకుని రైతుకి రశీదు ఇస్తారు. రైతుకి ఆ కాగితమే ఆస్తి. దాన్ని చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు, ధర వచ్చినప్పుడు దాన్ని చూపించి సరుకు విడిపించుకుంటాడు. సీజన్లో రాత్రీ పగలూ దిగుమతి జరుగుతుంది కాబట్టి సర్వర్ ఆగకూడదని వాళ్ళు పట్టుబట్టారు. నేను సంతోషంగా రెండు లినక్స్ సర్వర్లతో క్లస్టర్ కట్టాను. ఒకటి ఆఫీసులో, ఒకటి గేటు దగ్గర గదిలో. రెండింటి మధ్యా ఒకటే కేబుల్.

క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌కి ఒక నియమం ఉంటుంది. మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువమంది ఒకరికొకరు కనిపిస్తేనే పని చేయాలి. దీన్నే కోరం అంటారు, అసెంబ్లీలో కోరం లాంటిదే. ఇద్దరే సభ్యులున్న చోట సగం కంటే ఎక్కువ అంటే ఇద్దరూ. ఒకరు పోతే మిగిలినవాడికి మెజారిటీ లేదు, వాడూ చేతులు ముడుచుకుని కూర్చుంటాడు. అలా కూర్చుంటే క్లస్టర్ ఎందుకు కట్టినట్టు? అందుకని కోరం లేకపోయినా పరవాలేదు, నడిచిపో అనే సెట్టింగు పెట్టాను. పలకరింపు ఆగిన సర్వర్‌ని కరెంటు తీసి ఖాయంగా ఆపేశాకే దాని పని అందుకోవాలనే ఇంకో నియమం కూడా ఉంటుంది. దానికి వేరే పరికరం కొనాలి. ఆ నియమాన్నీ ఆపేశాను. అప్పట్లో ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో సగం ఇలాగే చెప్పేవి. నేర్చుకోవడానికి ఇంట్లో చేసే ప్రయోగానికి రాసిన పాఠాన్ని రైతుల రశీదుల మీద పెట్టాను.

ఒక రాత్రి పదకొండు దాటాక, రివర్స్ తీస్తున్న లారీ ఆ కేబుల్‌ని తెంపేసింది.

రెండు సర్వర్లూ బతికే ఉన్నాయి. ఒకదానికొకటి మాత్రం వినిపించడం లేదు. ఆఫీసు సర్వర్ తన పని తాను చేసుకుపోతోంది. గేటు సర్వర్ మాత్రం ఆఫీసు సర్వర్ చచ్చిపోయిందనుకుని డేటాబేస్‌ని తనే లేపింది. గేటు దగ్గరి కంప్యూటర్లు గేటు సర్వర్‌తో, ఆఫీసు కంప్యూటర్లు ఆఫీసు సర్వర్‌తో మాట్లాడుతున్నాయి. ఎవరికీ ఏ తేడా కనపడలేదు. తెల్లారేదాకా రెండు చోట్లా రశీదులు కొట్టారు, రెండు చోట్లా అవే నంబర్లతో.

పొద్దున కేబుల్ అతికించాక డీఆర్‌బీడీ రెండు డిస్కుల్నీ కలపనని మొండికేసింది. దాని లాగ్‌లో స్ప్లిట్ బ్రెయిన్, అంటే రెండుగా చీలిన మెదడు, అని రాసి ఉంది. అలాంటప్పుడు అది మనిషిని అడుగుతుంది, ఏ వైపు రాసినదాన్ని పారేయమంటావు అని. ఏది పారేయను? రెండు వైపులా నిజమైన రైతులు, నిజమైన టిక్కీలు. నూట పద్నాలుగు నంబర్లు ఇద్దరేసి పేర్ల మీద ఉన్నాయి. కాటా చీటీలు ముందేసుకుని, హమాలీ మేస్త్రీ జ్ఞాపకాన్ని అడిగి, ఛాంబర్లలోకి స్వెటర్ వేసుకుని వెళ్ళి టిక్కీల మీద మార్కులు చూసి, తొమ్మిది రోజులు సరిచేశాం. ఈలోగా ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు రశీదు పట్టుకుని బ్యాంకుకి వెళ్తే, ఆ నంబరు మీద అప్పటికే వేరే అతని పేరుతో కాగితం ఉందన్నారట. ఆయన తిరిగొచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. "నా కాయ ఉందా లేదా చెప్పండి చాలు" అన్నాడు. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ కోల్డ్ స్టోరేజీలో ఒకటే సర్వర్ ఉండి, అది ఆ రాత్రి చచ్చిపోయి ఉంటే ఏమయ్యేది? కాగితం మీద రాసుకునేవాళ్ళు. పొద్దున చిరాకు పడేవాళ్ళు. ఇద్దరు రైతులకి ఒకే నంబరు మాత్రం వెళ్ళేది కాదు. అంతరాయం లేకుండా చేద్దామని వెళ్ళి, అంతరాయం కంటే పెద్ద నష్టం చేశాను. క్లస్టర్ గురించి మాట్లాడే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. సర్వర్ ఆగిపోతే కళ్ళకి కనిపిస్తుంది. రెండు సర్వర్లు ఎవరికి వారే పెద్దలమనుకుంటే ఎవరికీ కనిపించదు.

ఇది పెద్ద కంపెనీల్లోనూ జరిగింది. 2012 డిసెంబర్ 22న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో స్విచ్‌ల పని జరుగుతుండగా నెట్‌వర్క్ కాసేపు తెగింది. వాళ్ళ ఫైల్ సర్వర్లు జంటలుగా ఉండేవి, అవీ డీఆర్‌బీడీ మీదే. పలకరింపు ఆగిన జతగాణ్ణి కరెంటు తీసి ఆపేసే నియమం వాళ్ళు పెట్టుకున్నారు. దాంతో ప్రతి సర్వరూ ఎదుటిది చచ్చిందనుకుంది, కొన్ని జంటల్లో ఒకదాన్నొకటి ఆపేసుకున్నాయి. అంటే నేను ఆపేసిన ఆ నియమం ఒక్కటే ఉన్నా సరిపోదన్నమాట. ఇద్దరు తగువులాడుకుంటున్నప్పుడు ఎవరి చేతికి కర్ర ఇవ్వాలో చెప్పేవాడు కావాలి.

ఆ చెప్పేవాడే మూడో ఓటు. ముగ్గురిలో మెజారిటీ అంటే ఇద్దరు. ఒక సర్వర్ పోయినా మిగిలిన సర్వరూ, ఈ మూడోదీ కలిసి ఇద్దరవుతారు. కేబుల్ తెగితే మూడోదానికి ఎవరు కనిపిస్తారో వాళ్ళే నడుస్తారు, రెండోవాళ్ళు తమంతట తామే ఆగిపోతారు. నలభై ఏళ్ళ కిందట వ్యాక్స్‌క్లస్టర్ చేసినవాళ్ళకే ఈ సంగతి తెలుసు. రెండే కంప్యూటర్లున్న చోట ఒక డిస్కుకి ఓటు ఇచ్చి మూడో సభ్యుడిగా కూర్చోబెట్టే ఏర్పాటు వాళ్ళు చేశారు.

పల్లెల్లో పొలం గట్టు తగాదా వస్తే పెద్దమనిషిని పిలుస్తారు. ఆ పెద్దమనిషికి ఆ చేలో సెంటు భూమి ఉండక్కర్లేదు. ఇద్దరూ ఆయన మాట వినాలి, అంతే. మూడో ఓటూ అలాంటిదే. దాని దగ్గర మన డేటా ఒక్క ముక్క ఉండదు, అది బిల్లులు కొట్టదు. ప్రాక్స్‌మాక్స్‌లో దీన్ని క్యూడివైస్ అంటారు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు దీన్ని విట్‌నెస్ అంటారు, అంటే సాక్షి. విండోస్ సర్వర్ 2019 నుంచి, రౌటర్ అందుకు తగినదైతే, దాని వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్ కూడా సాక్షిగా పనికొస్తుంది. ఇంత చవకగా దొరికేదాన్ని పెట్టకుండా రెండు సర్వర్ల క్లస్టర్ అమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొటేషన్‌లో మూడో ఓటు ఎక్కడుందో చూపించమని అడగండి. చూపించలేకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఉంటే, ఎక్కడ పెడతారో కూడా అడగండి. రెండు సర్వర్లలో ఒకదాని లోపలే వర్చువల్ మెషీన్‌గా పెట్టేవాళ్ళని చూశాను. ఆ సర్వర్ పోతే సాక్షి కూడా దానితోనే పోతాడు.

సూర్యారావుపేట ఏజెన్సీలో 2020లో ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ పెట్టాను. రెండు మామూలు సర్వర్లు, మూడో ఓటుకి మేడ మీద గదిలో చిన్న పెట్టె, దానికి సొంత యూపీఎస్. సర్వర్ల మధ్య స్విచ్‌తో పని లేకుండా నేరుగా ఒక కేబుల్, స్విచ్ మీదుగా ఇంకొకటి. ఒక దారి తెగినా పలకరింపు ఆగదు. గుంటూరు పాఠం పూర్తిగా ఒంటబట్టిందనే అనుకున్నాను.

ఇంకో పాఠం మిగిలి ఉందని 2023 అక్టోబర్‌లో తెలిసింది. ఒక సర్వర్ పవర్ సప్లై కాలిపోయింది. క్లస్టర్ చేయాల్సిన పని చేసింది. మూడు నాలుగు నిమిషాల్లో బిల్లింగ్ రెండో పెట్టె మీద లేచింది. అందరూ సంతోషించారు, నేను ఇంటికెళ్ళి భోజనం కూడా చేశాను. సాయంత్రం అకౌంట్స్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ బిల్లులు తీసుకోవడం లేదు, డూప్లికేట్ అంటోంది."

ఏం జరిగిందంటే, నేను పెట్టిన పద్ధతిలో ఒక సర్వర్ డిస్కు నుంచి రెండో సర్వర్ డిస్కుకి మార్పులు పదిహేను నిమిషాలకొకసారి వెళ్తాయి. ప్రాక్స్‌మాక్స్‌లో మామూలుగా ఉండే సెట్టింగు అదే. మొదటి సర్వర్ ఆ పదిహేను నిమిషాల మధ్యలో పోయింది. రెండోది లేచేసరికి దానికి చివరి ఏడు బిల్లుల సంగతి తెలియదు. అది ఆ ఏడు నంబర్లనీ కొత్తవాళ్ళకి మళ్ళీ ఇచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి ఐదు కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారాలన్నీ ఇంకో వ్యాపారికి కొట్టే బిల్లుని ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పోర్టల్ ఆ బిల్లుకి ఇచ్చే గుర్తింపు సంఖ్య మన జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపి తయారవుతుంది. అదే నంబరు రెండోసారి వస్తే పోర్టల్ తిప్పికొడుతుంది. తిప్పికొట్టింది కాబట్టి ఆ సాయంత్రమే బయటపడింది. పోర్టల్ లేని రోజుల్లో అయితే ఏడాది చివర ఆడిటర్ దగ్గర బయటపడేది.

గిట్‌హబ్‌కి 2018 అక్టోబర్ 21న జరిగింది కూడా మూలంలో ఇదే. అమెరికా తూర్పు తీరంలో వాళ్ళ నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. ఆ కొద్దిసేపట్లో డేటాబేస్ పెత్తనం పడమటి తీరానికి మారిపోయింది. తూర్పున చివరి క్షణాల్లో రాసినవి పడమటికి చేరలేదు, పడమట కొత్తవి రాసేశారు. రెండింటినీ కలిపి సరిచేసి, సేవలు మామూలు స్థితికి వచ్చేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. వాళ్ళకి కోరం ఉంది, మంచి ఇంజినీర్లున్నారు. అయినా రెండో చోటికి ఇంకా చేరని రాతలే వాళ్ళని ఆ రోజంతా కట్టేశాయి.

కాబట్టి సర్వర్ ఎంతసేపట్లో లేస్తుంది అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే చాలదు. లేచినప్పుడు ఎన్ని నిమిషాల కిందటి సంగతుల దగ్గర లేస్తుంది అని కూడా అడగాలి. స్కాన్ చేసిన పాత కాగితాలకి పదిహేను నిమిషాలు వెనకబడినా నష్టం లేదు. బిల్లు నంబర్లకి ఒక్క నిమిషం కూడా ఎక్కువే. ఆ తర్వాత బిల్లింగ్ డేటాబేస్‌ని డీఆర్‌బీడీ మీదకి మార్చాను. అందులో సీ అనే పద్ధతి ఉంది. రెండు సర్వర్ల డిస్కుల మీదా రాత పడ్డాకే "రాశాను" అని సాఫ్ట్‌వేర్‌కి చెబుతుంది. ప్రతి రాతా కాస్త ఆలస్యమవుతుంది గానీ నేరుగా వేసిన కేబుల్ మీద బిల్లు కొట్టేవాళ్ళకి తేడా తెలియదు. గుంటూరులో నన్ను ముంచిన డీఆర్‌బీడీనే ఇక్కడ నమ్ముకున్నాను. అప్పుడు తప్పు దానిది కాదు.

క్లస్టర్ అమ్మేవాళ్ళు చూపించే లెక్క ఒకటుంది. ఒక సర్వర్ 99 శాతం సమయం నడుస్తుందనుకుందాం. ఏడాదికి 8,760 గంటల్లో 87 గంటలకి పైగా ఆగుతుంది. అలాంటివి రెండు పెడితే రెండూ ఒకేసారి ఆగే అవకాశం ఒక శాతంలో ఒక శాతం, అంటే ఏడాదికి 53 నిమిషాలు. లెక్కగా తప్పు లేదు. కానీ ఆ లెక్క చెల్లాలంటే రెండింటి చావుకీ సంబంధం ఉండకూడదు. మన షాపుల్లో సంబంధం లేని చోటే తక్కువ. రెండు సర్వర్లూ ఒకే యూపీఎస్‌కి, ఒకే స్విచ్‌కి తగిలించి ఉంటాయి. ఒకే ఏసీ గదిలో, ఆ ఏసీ ఆదివారం ఆపేస్తారు. ఇంటర్నెట్‌కి రెండు కంపెనీల ఫైబర్ తీసుకుంటారు గానీ రెండు తీగలూ ఒకే కరెంటు స్తంభం మీంచి వస్తాయి, వీధిలోకి వచ్చిన పొడవాటి లారీ రెండింటినీ కలిపి తెంపుతుంది. రెండో సర్వర్ కొనే డబ్బులో పదో వంతు ఈ విడదీతకి పెట్టకపోతే ఆ లెక్క కాగితం మీదే ఉంటుంది.

కొన్ని చావులు ఎంత విడదీసినా రెండింటినీ కలిపే తీసుకుపోతాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో చాలామంది చూసే ఉంటారు. రెండు సర్వర్లలో ఒకే సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు ఒకదాన్ని పడగొట్టింది రెండోదాన్నీ పడగొడుతుంది. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఇంకా ఘోరం. ఒక డిస్కు మీద ఫైళ్ళకి తాళం వేస్తే, అద్దం పట్టినట్టు రెండో డిస్కు మీదా ఆ క్షణమే తాళం పడుతుంది. నేను మెచ్చుకున్న సీ పద్ధతే ఇక్కడ శత్రువు. క్లస్టర్ ఉంది కాబట్టి బ్యాకప్ ఎందుకని అడిగే ఓనర్లకి ఇది గట్టిగా చెబుతాను. నిన్నటి రూపంలో, వేరే చోట, నెట్‌వర్క్ నుంచి తీసేసి పెట్టిన కాపీ ఒకటి ఉండి తీరాలి.

వేరే చోట అన్న మాటకి ఎంత విలువుందో 2024 సెప్టెంబర్‌లో విజయవాడని ముంచిన బుడమేరు వాగు చెప్పింది. సింగ్ నగర్ వైపు నోటు పుస్తకాల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన, ఆయన క్లస్టర్ కూడా నేను కట్టిందే. రెండు సర్వర్లూ కింద అంతస్తులో ఒకే ర్యాక్‌లో ఉన్నాయి. 1వ తేదీన నీళ్ళు ర్యాక్ పై అర దాకా వచ్చాయి. ఆ నీళ్ళలో రెండో సర్వర్ ఉండటం వల్ల ఒరిగింది ఏమీ లేదు. రోజూ రాత్రి గుమస్తా గారు సంచిలో వేసుకుని పోరంకిలో వాళ్ళింటికి తీసుకెళ్ళే హార్డ్‌డిస్క్ వల్లే ఆయన పద్దులు మిగిలాయి. అలాగని సర్వర్లని రెండు ఊళ్ళలో పెట్టి క్లస్టర్ కడదామంటే కుదరదు. పలకరింపులు ఐదు మిల్లీసెకన్ల లోపు అందకపోతే ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ తడబడుతుంది. మూడో ఓటు మాత్రం దూరంగా ఉన్నా ఓర్చుకుంటుంది. కాబట్టి పెట్టె పోతే ఆదుకునేది క్లస్టర్. గది పోతే ఆదుకునేది గుమస్తా గారి సంచి. ఇప్పుడు ఆయన ర్యాక్‌ని మొదటి అంతస్తుకి మార్చాం. సంచి మాత్రం ఆపలేదు.

ఇంత చెప్పాక, అందరూ క్లస్టర్ పెట్టుకోవాలని నేను అనడం లేదు. నాలుగైదు కంప్యూటర్లున్న ఆడిటర్ గారి ఆఫీసుకి నేనే వద్దంటాను. అక్కడ సర్వర్ ఒక పూట ఆగితే పని సాయంత్రానికి జరుగుతుంది. వాళ్ళకి ఒక సెకండ్‌హ్యాండ్ పెట్టె పక్కన ఉంచుకుని, నెలకోసారి బ్యాకప్ దాంట్లో ఎక్కించి తెరిచి చూసుకోవడం చాలు. నేను అడిగే ప్రశ్న ఒకటే: సర్వర్ నాలుగు గంటలు ఆగితే మీ గుమ్మంలోంచి ఎవరు వెళ్ళిపోతారు? గుడివాడ షాపతను లాంటివాళ్ళు ఉన్నారంటే రెండో పెట్టె గురించి మాట్లాడదాం.

ఖర్చులు కూడా దాచకుండా చెప్పాలి. విండోస్ వర్చువల్ మెషీన్ రెండు పెట్టెల మీదా నడిచేలా ఉంటే విండోస్ సర్వర్ లైసెన్సు రెండు పెట్టెలకీ ఉండాలి. ఈ మాట ముందు చెప్పకుండా తర్వాత బిల్లు చూపిస్తే నమ్మకం పోతుంది. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి లైసెన్సు తాళంచెవిలా పనిచేసే యూఎస్‌బీ డాంగిల్ ఉంటుంది. అది చచ్చిన సర్వర్ వెనక గుచ్చి ఉంటే మెషీన్ రెండో పెట్టె మీద లేచినా సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. డాంగిల్‌ని నెట్‌వర్క్ మీద పెట్టే చిన్న పరికరం కొనాలి, లేదా మనిషి పరుగెత్తాలి.

క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి చాలాసార్లు క్లౌడే సరి. సూర్యారావుపేట ఏజెన్సీలో ఆర్డర్లు తీసుకునే యాప్ ఇప్పుడు క్లౌడ్‌లోనే ఉంది. కానీ బిల్లింగ్ అంతా అక్కడికి పోతే స్తంభం మీద తీగ తెగిన ప్రతిసారీ పద్దెనిమిది కౌంటర్లు ఆగుతాయి. సర్వర్ షాపులోనే ఉంటే తీగ తెగినా అరల్లో వెతకడం, సరుకు తీయడం, బిల్లు తయారుచేయడం నడుస్తాయి. పోర్టల్ నమోదుకి, ఈ-వే బిల్లుకి ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. పద్దెనిమిది మంది రోజంతా చేసే పనిని ఒక ఫోన్ మోయలేదు.

ఇక మిగిలింది పరీక్ష. క్లస్టర్ కట్టి అప్పగించినవాళ్ళలో చాలామంది మెనూలోంచి ఒక బటన్ నొక్కి, మెషీన్ ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి నెమ్మదిగా జారడం చూపిస్తారు. అది రెండు సర్వర్లూ ఆరోగ్యంగా ఉన్నప్పుడు జరిగే పని, ప్రమాదంతో దానికి పోలిక లేదు. నిజమైన పరీక్ష అంటే పని నడుస్తుండగా కరెంటు తీగ పీకడం. ఒకసారి సర్వర్‌ది, ఒకసారి వాటి మధ్య కేబుల్, ఒకసారి స్విచ్, ఒకసారి మూడో ఓటు పెట్టెది. గుంటూరులో నేను సర్వర్ తీగ పీకి చూశాను, పాసైంది. రెండింటి మధ్య ఉన్న కేబుల్ పీకి చూడలేదు. చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

ఏజెన్సీలో కొత్త ఏర్పాటు చేశాక, 2023 డిసెంబర్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఈ పరీక్ష పెట్టుకున్నాం. ఓనరు గారికి ముందు టెన్షన్. "బాగా నడుస్తున్నదాన్ని చేతులారా ఆపడమేంటయ్యా" అన్నారు. మీరే పీకాలండీ అన్నాను. ముగ్గురు కుర్రాళ్ళు కౌంటర్ల మీద ఉత్తుత్తి బిల్లుల్లా కాకుండా సోమవారం ఆర్డర్ల బిల్లులే కొడుతున్నారు. చివర ప్రింటయిన బిల్లు నంబరు 7318 అని ఒక కుర్రాడు పైకి చదివాడు. ఓనరు గారు వంగి, సర్వర్ వెనక తీగ పట్టుకుని, నా వంక ఒకసారి చూసి పీకేశారు.

కౌంటర్ల మీద సర్వర్ దొరకడం లేదని మెసేజ్ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి రెండో పెట్టె ఫ్యాన్లు గట్టిగా తిరగడం వినిపించింది. మూడు నిమిషాల ఇరవై సెకన్లకి కుర్రాడు మళ్ళీ లాగిన్ అయ్యాడు. బిల్లు కొట్టాడు. ప్రింటర్ లోంచి కాగితం బయటికి వస్తుంటే ఓనరు గారు అది తెగేదాకా ఆగలేక వంగి నంబరు చదివారు.

"7319."